గోధుమ పథ్యం

నేపర్‌విల్
సెప్టెంబర్ 14, 2024

పద్మా,

ఈ ఉత్తరం రాయడం దాదాపు మానుకున్నాను. ఇంత చిన్న సంగతికి స్టాంపు దండగ, ఫోన్‌లో చెప్పేస్తే పోలా అనుకున్నాను. కానీ ఫోన్‌లో నువ్వు నన్ను చెప్పనివ్వవు. నేను "డాక్టర్" అనేలోపు నువ్వు "ఉసిరికాయ" అంటావు. ఉత్తరమైతే ఆ బాధ లేదు, చివరిదాకా చదివాక గానీ నువ్వు నోరు తెరవలేవు.

మీ వదిన నీకు "ఆయనకి గోధుమ పడదట" అని సగం చెప్పిందట. మిగతా సగం ఇది. నాకున్న జబ్బు పేరు సీలియాక్. గోధుమపిండి తడిపితే సాగుతుంది చూడు, ఆ జిగురుని గ్లూటెన్ అంటారు. నా ఒళ్ళు దాన్ని శత్రువనుకుని యుద్ధానికి బయల్దేరి, దారిలో సొంత పేగునే తగలబెట్టుకుంటోంది. డాక్టర్ లోపలికి కెమెరా పంపి తీసిన ఫోటో చూపించాడు. పేగు గోడ మీద సన్నటి వేళ్ళలాంటివి నిలబడి ఉండాలట, తిన్నదాంట్లో సారాన్ని అవే పీల్చుకుంటాయట. నావి పడుకుని ఉన్నాయి. ముప్పై ఏళ్ళు షికాగో చుట్టుపక్కల ఏసీలు రిపేరు చేసినవాణ్ణి, నాకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. కాయిల్ మీద సన్నటి రేకులుంటాయి. అవి నలిగిపోతే మెషీన్ ఎంత తిరిగినా గది చల్లబడదు. ఆయనతో అదే అన్నాను. ఆయన ఈ ముక్క మిగతా పేషెంట్లకి కూడా చెప్పొచ్చా అని అడిగాడు. చెప్పుకోమన్నాను.

నవ్వొచ్చే భాగం ఇప్పుడు వస్తుంది. షుగర్ వచ్చిందని పదేళ్ళ కిందట నేను రాత్రి అన్నం మానేశాను, గుర్తుందా? ఇక్కడి మనవాళ్ళలో రాత్రి పూట అన్నం తినేవాడు తాగుబోతు కింద లెక్క, చపాతీ తినేవాడు ఋషి. మీ వదిన పాపం రోజూ పిండి పిసికి, నూనె చుక్క లేకుండా కాల్చి పెట్టేది. నీరసంగా ఉందంటే ఇంకో చపాతీ. కడుపు చెడిందంటే అన్నం వల్లేనని మధ్యాహ్నం కూడా చపాతీ. అలా చిక్కిపోయాను. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో అందరూ చుట్టూ చేరి "అంకుల్, ఏం డైట్ చేస్తున్నారు?" అని అడిగితే చెట్టు కింద కుర్చీ వేసుకుని ఉపన్యాసం ఇచ్చాను. నా మాట విని అన్నం మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తినండి బాబూ అని చెబుతున్నాను.

అసలు సంగతికొస్తాను. ఇది వంశంలో దిగే జబ్బు. తోబుట్టువులు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలన్నాడు డాక్టర్. నలభై ఏళ్ళుగా నువ్వు ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నావు, నీకు రక్తం ఎక్కడం మాత్రం నేను చూడలేదు. ఒక్క రక్తపరీక్ష చాలు. మీ అమ్మాయి శ్రీవిద్యతో చెబితే అపాయింట్‌మెంట్ బుక్ చేస్తుంది.

చపాతీల చెర నుంచి బయటపడ్డ నీ అన్నయ్య,
దామోదర్

షాంటిలీ
అక్టోబర్ 2, 2024

అన్నయ్యా,

నోరు మూసుకుని చివరిదాకా చదివాను. ఇప్పుడు నా వంతు.

గోధుమ విషమైతే పంజాబు పంజాబంతా ఎలా బతికి బట్టకట్టిందో ముందు అది చెప్పు. నీ కడుపు పాడైంది వ్యాన్‌లో కూర్చుని ముప్పై ఏళ్ళు తిన్న గ్యాస్ స్టేషన్ శాండ్‌విచ్‌ల వల్ల. వదిన చపాతీల మీదికి తోసేయకు. ఆవిడ నీ కోసం పిసికి పిసికి భుజాలు పోగొట్టుకుంది.

నా రక్తం సంగతంటావా, అది అమ్మకీ ఎక్కలేదు, పెద్దత్తకీ ఎక్కలేదు. మనింటి ఆడవాళ్ళం పాలిపోయి ఉంటాం, అది మన పోలిక. పెళ్ళిచూపులనాడు మా అత్తగారు "పిల్ల ఎంత తెలుపో" అని ఊరంతా చెప్పుకుంది. ఇన్నాళ్ళకి నువ్వొచ్చి అది తెలుపు కాదు జబ్బు అంటే, పైనున్న ఆవిడకి ఎలా ఉంటుంది?

శ్రీవిద్య కూడా చేయించుకోమని పోరుతోంది. చూద్దాంలే. డిసెంబర్‌లో మా భజన గ్రూపుతో కాశీ వెళ్తున్నాను. నీకు బాగవ్వాలని అక్కడ మొక్కుకుంటాను. డాక్టర్లు చేసేది డాక్టర్లు చేస్తారు.

నువ్వు చప్పిడి తిండి తింటున్నావని వదిన ఫోన్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కందిపొడి, కరివేపాకు పొడి పంపిస్తున్నాను. నా చేత్తో దంచాను. గోధుమ నలుసు కూడా లేదు, భయపడకుండా తిను.

నీ మంచి కోరే
పద్మ

నేపర్‌విల్
అక్టోబర్ 20, 2024

పద్మా,

పొడులు అందాయి. కందిపొడి మూత తీయగానే ఇంగువ వాసన మేడ మీదికి వెళ్ళింది, మా కోడలు రేణు కిందికి వచ్చింది. వచ్చి నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. ఆ తర్వాత నీకు ఫోన్ చేసి, నువ్వు వాడిన ఇంగువ డబ్బా వెనక ఫోటో తీసి పంపమందిగా, ఎందుకో ఆ పిల్ల మర్యాద కొద్దీ నీకు చెప్పి ఉండదు. షాపుల్లో దొరికే ఇంగువ పొడి చాలావరకు ఉత్త ఇంగువ కాదు. గోధుమపిండి కలిపి అమ్ముతారు. నీ డబ్బా మీద కూడా చిన్నక్షరాల్లో రాసుంది. నీ తప్పేం లేదు, మన వంశంలో ఇంగువని అనుమానించినవాడు ఇప్పటిదాకా పుట్టలేదు. ఆ రోజు డబ్బా ఎదురుగా పెట్టుకుని, వాసన పీల్చుకుంటూ ఉత్త నెయ్యన్నం తిన్నాను. చాలా బాగుంది. మర్నాడు రేణు దాన్ని వాళ్ళ ఆఫీస్ ఫ్రెండ్‌కి ఇచ్చేసింది.

ఇంట్లో నాకు ఇబ్బంది లేదు. నా మూకుడు వేరు, నా అట్లకాడ వేరు, మడి కట్టుకున్న ముసలమ్మలా ఉన్నాను. ఇబ్బందంతా పరాయి ఇళ్ళలో. పోయినవారం ఒకరింటికి భోజనానికి వెళ్ళాం. ఆ ఇంటావిడ పూరీ పళ్ళెంతో నా మీదికి వచ్చింది.

"వద్దమ్మా, డాక్టర్ కూడదన్నాడు" అన్నాను.

"అయ్యో, ఒక్కదానికి ఏం కాదంకుల్. ఇవి ఆర్గానిక్" అంది.

మన భాషలో వడ్డించేవాళ్ళకి "వద్దు" అంటే "కాసేపాగి వెయ్యి" అని కదా అర్థం. ఆవిడ కాసేపాగి వచ్చింది. పేగు, కెమెరా, ఫోటో అన్నీ చెప్పాను. ఆవిడ "పోనీ సగం" అంది. చివరికి విసుగొచ్చి, "మొక్కుకున్నానమ్మా, గోధుమ ముట్టను" అని అబద్ధం ఆడాను. అంతే. పళ్ళెం వెనక్కి వెళ్ళింది. "అయ్యో అపచారం, ముందే చెప్పాల్సింది" అని చెంపలేసుకుని, నా కోసం విడిగా పప్పన్నం తెచ్చింది. ఆ రాత్రంతా నాకు ప్రత్యేక మర్యాద. ఇంత చదువుకున్నవాళ్ళ మధ్య డాక్టర్ మాటకి లేని విలువ మొక్కుకి ఉంది పద్మా. ఇకనుంచి నేను ఊళ్ళో అందరికీ మొక్కుబడి మనిషినే.

కాశీ వెళ్ళేలోపే టెస్ట్ చేయించుకో. మొక్కేదో నీ కోసం మొక్కుకో.

ఇంగువ వాసనతో బతికేస్తున్న
అన్నయ్య

షాంటిలీ
మార్చి 9, 2025

అన్నయ్యా,

ఆలస్యమైంది. కాశీ నుంచి వచ్చిన రెండో వారంలో డ్రైవ్‌వే మీద మంచుకి కాలు జారింది. ఎడమ మణికట్టు విరిగింది. నీకు చెబితే ఫ్లైట్ ఎక్కి వస్తావని శ్రీవిద్య నోరు నొక్కి ఉంచాను. కట్టు మొన్ననే తీశారు. జారింది పెద్ద జారుడేం కాదు, కూర్చున్నంత పనైంది, అంతే. ఇంత చిన్న దానికి విరగకూడదని స్కాన్ తీసి, ఎముకలు బాగా పల్చబడ్డాయన్నారు. అరవై ఆరేళ్ళకి పల్చబడక చిక్కబడతాయా?

ఇక నీ కోరిక తీర్చాను. శ్రీవిద్య లాక్కెళ్ళి మొన్న ఆ సీలియాక్ టెస్ట్ చేయించింది. నెగెటివ్. కాగితం జత చేశాను, ఫ్రేమ్ కట్టించుకుని గోడకి తగిలించు. ఇంకోసారి ఆ మాట ఎత్తకు.

కాశీ బాగా జరిగింది. అందరిలాగే నేనూ గంగలో ఒకటి వదిలి వచ్చాను. ఏమిటని అడక్కు. ఒకటి మాత్రం చెబుతాను, కాశీ వెళ్ళొచ్చినప్పటి నుంచి నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంది. కడుపుబ్బరం మాయమైంది. అంతా విశ్వనాథుడి దయ.

వదినకి కాలభైరవుడి గుళ్ళో ఇచ్చిన పట్టుదారం పంపుతున్నాను. దాంట్లో ఇంగువ లేదు.

పద్మ

నేపర్‌విల్
మార్చి 20, 2025

పద్మా,

చెయ్యి విరిగితే దాచేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. శ్రీవిద్యతో తర్వాత మాట్లాడతాను.

కాగితం చూశాక మాత్రం నా గుండె మీంచి బండ దిగింది. నీకు లేకపోవడమే నాకు కావలసింది. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది, గురక పెట్టింది నేనేనని మీ వదిన అంటోంది.

ఇక కాశీలో ఏం వదిలావో అడక్కు అన్నావు. అడగను, చెబుతాను. కాకరకాయ. కాశీకి వెళ్ళే మనవాళ్ళంతా చేసే పనే అది. పెద్దత్త పొట్లకాయ వదిలింది, పుట్టి బుద్ధెరిగి ఆవిడ పొట్లకాయ తినగా చూసినవాడు లేడు. మామయ్య ఇంకా గొప్పవాడు. కూరగాయలు వదిలితే ఏం లాభమని కోపం వదిలాడు. వదిలి ఒడ్డుకి రాగానే, కిరాయి ఎక్కువడిగాడని పడవవాణ్ణి ఊరంతా వినేలా తిట్టాడు. మనింటికి రానివి, మన నోటికి పట్టనివి అన్నీ మూట కట్టి దేవుడి నెత్తిన పెట్టొస్తాం. ఆయన దగ్గర ఈపాటికి కాకరకాయలు, పొట్లకాయలు కొండలా పేరుకుని ఉంటాయి. పూరీ వదిలినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, నేను వాడికి దణ్ణం పెడతాను.

చేతికి ఎక్సర్‌సైజులు మానకు.

నిశ్చింతగా
అన్నయ్య

షాంటిలీ
ఏప్రిల్ 2, 2025

అన్నయ్యా,

దణ్ణం పెట్టు. నేను వదిలింది గోధుమ.

నీకు తెలుసు, చిన్నప్పుడు పూరీల కోసం నీ కంచంలోవి కూడా లాక్కునేదాన్ని. అది తెలిసి కూడా కాకరకాయ అని రాశావు. డాక్టర్ మాట కంటే మొక్కుకి విలువ ఎక్కువని నువ్వే రాశావు కదా. అబద్ధపు మొక్కుకే అంత మర్యాద దొరికితే, నిజం మొక్కుకి ఫలితం రాదా అనుకున్నాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి, "మా అన్నయ్య ముట్టలేనిది నేనూ ముట్టను, వాడి పేగు బాగుపడనీ స్వామీ" అని వదిలాను. డిసెంబర్ నుంచి చపాతీ లేదు, పూరీ లేదు, ఉప్మా లేదు. భజన గ్రూపులో పుట్టినరోజు కేకు కూడా ముట్టలేదు.

నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు. చెప్పకుండానే నవ్వావు.

పద్మ

నేపర్‌విల్
ఏప్రిల్ 7, 2025

పద్మా,

నీ ఉత్తరం చదివి మీ వదిన చేతికిచ్చాను. ఆవిడ చదివి, దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. నేను రాసిన దానికి నాకు సిగ్గుగా ఉంది. అది కలిసినప్పుడు చెబుతాను. ముందు ఇది విను, ఇందులో కథలేం లేవు.

ఆ నెగెటివ్ కాగితం చెల్లదు. రోజూ గోధుమ తినేవాళ్ళ రక్తంలోనే ఆ జబ్బు ఆనవాలు దొరుకుతుంది. నెలల తరబడి మానేస్తే, జబ్బున్నా ఆనవాలు చెరిగిపోవచ్చు. పైపులో నీళ్ళు లేనప్పుడు లీక్ టెస్ట్ చేస్తే ఏ పైపూ కారదు. ఆ మాట నమ్మి గోడ మూసేస్తే తర్వాత ఇల్లంతా తడుస్తుంది. మానేశానని నువ్వు డాక్టర్‌తో చెప్పి ఉండవు, ఆయన అడిగి ఉండడు.

గోధుమ మానగానే నీకు కడుపుబ్బరం తగ్గింది. కూర్చున్నంత మాత్రానికి చెయ్యి విరిగింది. నాకు భయంగా ఉంది.

మా డాక్టర్‌ని అడిగాను. కొన్ని వారాల పాటు రోజూ రెండు బ్రెడ్ ముక్కలు తిని, అప్పుడు మళ్ళీ టెస్ట్ చేయించాలన్నాడు. నీ డాక్టర్‌తో ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన చెప్పినట్టు చెయ్యి.

అన్నయ్య

షాంటిలీ
ఏప్రిల్ 19, 2025

అన్నయ్యా,

డాక్టర్‌తో చెప్పాను. ఆయనా అదే మాటన్నాడు. నేను తిననన్నాను.

గంగలో వదిలింది మళ్ళీ నోట్లో పెట్టుకుంటారా ఎవరైనా? అదీ నీ ఆరోగ్యం కోసం వదిలింది. రేపు నీకేదైనా అయితే నేను తిన్న బ్రెడ్ ముక్కే గుర్తొస్తుంది నాకు.

అయినా లెక్క చూడు. జబ్బుంటే ఏం చేయాలి? గోధుమ మానాలి. మానేశాను. జబ్బు లేకపోతే? మొక్కు ఉంది కాబట్టి మానాలి. అదీ మానేశాను. ఎటు చూసినా తినేది లేదు. ఇక ఒక కాగితం కోసం మాట ఎందుకు తప్పాలి?

నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది.

పద్మ

నేపర్‌విల్
ఏప్రిల్ 27, 2025

పద్మా,

నీ లెక్క చదివి మెచ్చుకున్నాను. బ్యాంకులో పనిచేయాల్సినదానివి. కానీ అందులో ఒక చిల్లు ఉంది.

ఉగాదికి ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి, రవ్వ ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నావట. శ్రీవిద్య "గోధుమరవ్వ కదమ్మా" అంటే, "ప్రసాదం మొక్కులోకి రాదు" అన్నావట. నిజమే, రాదు. ఆ వ్రతకథలో ప్రసాదం కాదన్నవాళ్ళ గతి ఏమైందో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. దేవుడు ఊరుకుంటాడు. పేగు ఊరుకోదు. నీ ఇంట్లో ఇంగువ డబ్బా ఇప్పటికీ అదేనట. గుళ్ళో పులిహోరలో ఏ ఇంగువ వేస్తారో నువ్వు అడగవు. మొక్కుకి మనసు చాలు, అందుకే మొక్కులో ఇన్ని సందులుంటాయి. ఈ జబ్బుకి సందులు లేవు. నలుసు పడినా లోపల నిప్పు రాజుకుంటుంది. జబ్బని తెలిస్తేనే నువ్వు నలుసుని పట్టుకుంటావు. తెలిస్తేనే నీ ఎముకల్ని సరైన డాక్టర్ చూస్తాడు. తెలిస్తేనే శ్రీవిద్య కూడా చేయించుకోవాలని తేలుతుంది. ఆ పిల్లా తెల్లగానే ఉంటుంది.

మాట తప్పమని మాత్రం నేను చెప్పలేను. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత లైబ్రరీలో చేతికందిందల్లా చదివాను, శీతల యంత్రాల నుంచి రోమన్ చక్రవర్తుల దాకా. కాశీలో ఇచ్చిన మాట సంగతి వాటిలో ఎక్కడా లేదు. అది నువ్వే తేల్చుకోవాలి. నా పేగు కోసం మాత్రం భయపడకు. మొన్న మళ్ళీ కెమెరా వేశారు. రేకులు లేచి నిలబడుతున్నాయట. నీ మొక్కు పనిచేసిందో, రేణు కాపలా పనిచేసిందో తెలియదు. ఇద్దరికీ చెరిసగం ఇస్తున్నాను.

అన్నయ్య

షాంటిలీ
జూలై 6, 2025

అన్నయ్యా,

ఈ రెండు నెలలూ నీ ఫోన్ ఎత్తకపోవడం కోపంతో కాదు. ఎత్తితే నువ్వేదో ఒక కథ చెప్పి నా నిర్ణయాన్ని కదిపేస్తావని ఎత్తలేదు.

పంతులుగారిని అడుగుదామని గుడికి బయల్దేరాను. పార్కింగ్‌లో కార్ ఆపాక నాకే తోచింది. అమ్మ ఎంత నిష్ఠగా ఉపవాసం ఉండేదో తెలుసు కదా, మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆయాసం ఎక్కువైననాడు మాత్రం మాత్ర తేనెలో అరగదీసి నాకేసేది. "మందుకి నియమం లేదే" అనేది. నేను గోధుమని తిండిగా వదిలాను. మందుగా వదిలానని గంగలో అనలేదు. దిగకుండానే కార్ వెనక్కి తిప్పి, షాపుకెళ్ళి బ్రెడ్ కొన్నాను.

మందు కాబట్టి మందులాగే తిన్నాను. వెన్న లేదు, జామ్ లేదు, వేయించడం లేదు. పొద్దున ఒక ముక్క, రాత్రి ఒక ముక్క, నిలబడి, మంచినీళ్ళతో. రుచి తెలిస్తే తిండి అయిపోతుందని గబగబా మింగేదాన్ని. శ్రీవిద్య మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు. మొదటి వారంలోనే ఉబ్బరం వచ్చింది, ఆ పైన నీళ్ళ విరేచనాలు. ఇక చాలమ్మా, ఆపేయ్ అని ఏడ్చింది. డాక్టర్ చెప్పిన గడువు పూర్తయ్యేదాకా ఆపనన్నాను. తింటానని డాక్టర్‌కి ఒకసారి మాటిచ్చాక, మధ్యలో ఆపడం కూడా మాట తప్పడమే.

రక్తపరీక్షలో వచ్చింది. తర్వాత కెమెరా కూడా వేశారు. ఉంది. ఎప్పటినుంచో ఉండి ఉంటుందట. నలభై ఏళ్ళ ఐరన్ మాత్రలు గోడకి కొట్టిన సున్నమేనన్నాడు డాక్టర్, ఇంగ్లీషులో అన్నాడు, నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఎముకలకి వేరే మందు మొదలుపెట్టారు. నాకు భయం లేదు. నలభై ఏళ్ళు దేనితో పోట్లాడుతున్నానో తెలియకుండా పోట్లాడాను, ఇప్పుడు దాని పేరు తెలిసింది. శ్రీవిద్యకి వచ్చే గురువారం టెస్ట్. నువ్వు చెప్పావని గోధుమ మానకుండా తింటోంది.

గోధుమ మళ్ళీ మానేశాను. ఈసారి ప్రసాదానికి కూడా సందు లేదు. మొన్న పూజకి ప్రసాదం బియ్యపు రవ్వతో చేసి పెట్టాను, స్వామి ఏమీ అనలేదు. రేణుని అడిగి గోధుమ కలవని ఇంగువ తెప్పించుకున్నాను. పెనం కొత్తది కొన్నాను.

ఫ్రీజర్‌లో సగం బ్రెడ్ ప్యాకెట్ మిగిలింది. నిన్న పక్కింటావిడకి ఇచ్చేశాను.

పద్మ